మౌని నేర్పిన మరపు

హైమవతి ఉద్యోగం వినడం. ఎవరడిగినా ఆమె అలాగే చెప్పేది. "జీతమిచ్చి మరీ వినమంటారా? మా ఇంట్లో ఊరికే వినాల్సొస్తోంది" అని బంధువులు నవ్వేవాళ్ళు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, కొండవాలున ఉండేది ఆ ల్యాబ్. విమానాలూ హెలికాప్టర్లూ నడిపేవాళ్ళు పెట్టుకునే హెల్మెట్లనీ హెడ్‌సెట్లనీ అక్కడ పరీక్షించేవారు. ఒక షెడ్డులో ఇనప తలకాయకి హెల్మెట్ తొడిగి ఎత్తునుంచి ఉక్కుదిమ్మె మీద పడేసేవారు. డొప్ప పగిలిందా, గడ్డం కింది పట్టీ తెగిందా, లోపలి తలకి ఎంత దెబ్బ చేరింది అని చూసేవారు. ఇంకోపక్క మందపాటి గోడల గదిలో స్పీకర్లలోంచి హెలికాప్టర్ మోత వదిలి, హెల్మెట్ లోపలికి ఎంత దూరుతుందో కొలిచేవారు. ఎన్ని యంత్రాలు కొలిచినా చివరికి మనిషి చెవి విని ఊఁ అంటే తప్ప హెల్మెట్ పాసయ్యేది కాదు. ఆ చెవుల వ్యవహారమంతా హైమవతిది. ఆమె చదివింది వినికిడి వైద్యం. ల్యాబ్ మొత్తంలో పదునైన చెవులు కూడా ఆమెవే. అందుకే కొత్త సరుకు ఏదొచ్చినా మొదట పరీక్ష కుర్చీలో ఆమే కూర్చునేది.

'మౌని' వచ్చిన రోజు కూడా అలాగే కూర్చుంది.

మౌని ఆ ల్యాబ్‌కి పెద్ద అయిన డాక్టర్ మెహరున్నిసా తయారుచేసిన హెల్మెట్. ఆవిడ తమ్ముడు ఇంతియాజ్ హెలికాప్టర్ పైలట్. నలభై ఏళ్ళు దాటీ దాటకుండానే చెవులు పోయి ఇంట్లో కూర్చున్నాడు. హెలికాప్టర్ మోతతో వచ్చిన చిక్కేమిటంటే, చెవులు ఎంత గట్టిగా మూసినా అది పుర్రె ఎముకలోంచి లోపలికి దిగుతుంది. ఆ దారి మూయడం ఎవరివల్లా కాలేదు.

హెల్మెట్ లోపల, చెవుల వెనక వచ్చేచోట, బొట్టుబిళ్ళలంత మెత్తలు రెండు ఉన్నాయి. హైమవతి వాటిని వేలితో తడిమి చూసింది.

"ఇవేం చేస్తాయి మేడమ్?"

"చేపల బజారులో ఎండుచేపలమ్మే మనిషికి ఆ వాసన తెలుస్తుందా?" అంది మెహరున్నిసా, పట్టీ బిగిస్తూ.

"తెలీదు. ముక్కు అలవాటు పడిపోతుంది."

"చెవిని కూడా అలా అలవాటు పడమని చెప్తాయి ఇవి. నరానికి చిన్న చిన్న చురకలు పెట్టి, ఒకే తీరుగా వచ్చే మోతని వదిలేయమంటాయి. మోత తగ్గదు హైమా. మోత పంపే కబురుని నరం మోయడం మానేస్తుంది. దాంతో లోపలి చెవి కూడా ఆ మోతకి కదలడం మానేసి, దెబ్బ తినకుండా ఉంటుంది. కళ్ళు మూసుకో" అని మెహరున్నిసా తన చెవులకి మూతలు తగిలించుకుంది.

అద్దం అవతలి నుంచి శాంసన్ మీట తిప్పాడు. శాంసన్ ఆ గదిలో మోతలు వదిలే టెక్నీషియన్. ఒక్కసారిగా గోడలు అదిరేంత హోరు. హైమవతి పళ్ళు బిగించింది. ఒక ఊపిరి, రెండో ఊపిరి. మూడో ఊపిరికి ఆ హోరు నీళ్ళలో ఉప్పులా కరిగిపోయింది. కుర్చీ ఇంకా వణుకుతూనే ఉంది, ఎముకలకి ఆ అదురు తెలుస్తూనే ఉంది, కానీ చప్పుడు మాత్రం లేదు. ఆ నిశ్శబ్దంలో మెహరున్నిసా చీర కుచ్చిళ్ళు సర్దుకున్న గరగర వినిపించింది.

"నీ పేరేమిటి?" అని మెహరున్నిసా గుసగుసగా అడిగింది.

"హైమవతి" అని చెబుతుంటే ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది పైలట్ల చెవులు పరీక్షించి, "ఇక విమానం నడపకండి" అని చెప్పవలసి వచ్చిన మనిషి ఆమె.

ఆ తరవాత కొన్ని నెలలపాటు మౌని ల్యాబ్‌కి పండగే తెచ్చింది. షెడ్డులో దిమ్మె మీద పడి కూడా చెక్కుచెదరలేదు. సముద్రంలోని నూనె బావుల మీదికి హెలికాప్టర్‌లో పనివాళ్ళని చేరవేసే కెప్టెన్ పట్నాయక్ దాన్ని పరీక్షగా పెట్టుకుని రోజూ ఎగురుతూ, దిగి వచ్చిన ప్రతిసారీ హైమవతి గదిలో కూర్చుని చెవులు చూపించుకునేవాడు. శ్రీకాకుళం మనిషి, నవ్వుముఖం. "సాయంత్రం ఇంటికెళ్ళాక మా పాప మాట వినపడుతోందండీ. ఇదివరకు టీవీ పెద్దగా పెట్టి దాన్ని ఏడిపించేవాణ్ణి" అనేవాడు. హైమవతి కూడా దాదాపు రోజూ మౌని పెట్టుకుని కుర్చీలో కూర్చునేది. నెలనెలా చేసే వినికిడి పరీక్షల్లో ఇద్దరి చెవులూ నిక్షేపంగా ఉన్నాయని తేలేది.

హైమవతికి ఇంట్లోనూ బాగుంది. కంచరపాలెంలో రెండు గదుల వాటా. భర్త గణపతి పోర్టులో క్రేన్ నడుపుతాడు. అత్తగారు అప్పలనర్సమ్మకి ఊపిరితిత్తులు బలహీనం; ముక్కుకి గొట్టం పెట్టుకుని ఆక్సిజన్ మిషన్ పక్కనే మంచం మీద ఉంటుంది. ఆ మిషన్ పగలూ రాత్రీ గుయ్యిమంటూనే ఉండాలి. మొదట్లో ఆ రొదకి హైమవతికి నిద్ర పట్టేది కాదు. ఈమధ్య హాయిగా పడుతోంది.

"ఏటే కోడలా, మొహం కళకళ్ళాడతంది. బుగ్గలొచ్చినాయి" అంది అత్తగారు ఒకనాడు.

"నిద్ర బాగా పడుతోంది అత్తమ్మా."

"పడతాది. ఈ ముసిలి గేదె పక్కన మిషను గేదె. రెండు గేదెల్నీ మేపుతున్నావు గదా, అలిసిపోయుంటావు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల మధ్య హైమవతి లేచి ఫ్యాను స్విచ్ నొక్కింది. ఫ్యాను ఆగిపోయింది.

"తిరుగుతున్న ఫాను ఆపుతావేటే? నిన్నా ఇలాగే సేసినావు."

"తిరుగుతోందా? ఆగిందనుకున్నాను" అని హైమవతి మళ్ళీ వేసింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం ల్యాబ్ గుమ్మం దాటి బయటికి అడుగుపెట్టి, నెత్తిమీద నీళ్ళు పడేదాకా వాన కురుస్తోందని తెలుసుకోలేకపోయింది. పనిలో మునిగి ఉన్నాననుకుని గొడుగు కోసం వెనక్కి వెళ్ళింది తప్ప, మరేమీ అనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం గణపతి డ్యూటీలో ఉన్నాడు. హైమవతి వంటింట్లో కొబ్బరి పచ్చడి మిక్సీలో వేసింది. అది తిరుగుతుండగానే ముందుగదిలో ఆక్సిజన్ మిషన్ మొరాయించింది. అలాంటప్పుడు మోగే అలారం ఒకటుంది దానికి. ఎక్కడా తెగకుండా, ఈల వేసినట్టు, ఒకటే కూత. హైమవతి మిక్సీ ఆపింది. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకుంది. తాపీగా పోపు పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయి, అవి వినిపించాయి. కరివేపాకు వేసింది.

వీధి తలుపు దబదబా బాదిన చప్పుడైంది. పైవాటా బంగారమ్మ తలుపు తోసుకుని వచ్చేసింది.

"హైమమ్మా! ఏం చేస్తన్నావమ్మా? వీధంతా వినపడుతోంది, నీకు వినపడదా?"

"ఏమిటి వినపడేది?"

బంగారమ్మ సమాధానం చెప్పకుండా ముందుగదిలోకి పరిగెత్తింది. వెనకాలే వెళ్ళిన హైమవతికి మొదట కనిపించింది మిషన్ మీద వెలుగుతున్న ఎర్రదీపం. తరవాత అత్తగారి పెదవులు, నేరేడుపండు రంగులో. ఆవిడ మంచంపట్టె పట్టుకుని నోరు తెరిచి గాలికోసం వెతుక్కుంటోంది. చెయ్యెత్తే ఓపిక కూడా లేదు.

హైమవతి చేతులు వాటంతటవే పనిచేశాయి. మూలనున్న ఆక్సిజన్ సిలిండర్ తిప్పింది, గొట్టం మార్చింది, అత్తగారిని లేపి తన గుండెకి ఆనించుకుంది. కాసేపటికి పెదవులకి రంగు తిరిగింది. బంగారమ్మ వంగి మిషన్ మీట కట్టేసింది.

"అమ్మయ్య, నోరు మూసింది. చెవులు చిల్లులు పడ్డాయి" అందామె.

హైమవతికి అంతకుముందూ నిశ్శబ్దమే, ఆ తరవాతా నిశ్శబ్దమే. అప్పుడు భయం పట్టుకుంది.

మర్నాడు ల్యాబ్‌కి అందరికన్నా ముందు వెళ్ళి శాంసన్ కోసం కాచుకు కూర్చుంది.

"నన్ను పరీక్ష చెయ్యి. మామూలు పరీక్ష వద్దు. మనం ఎప్పుడూ కుయ్, కుయ్ అని తెగి తెగి వచ్చే చప్పుళ్ళే వినిపిస్తాం. నాకు తెగకుండా ఒకటే చప్పుడు వదులు. ముందు మోతలో కలిపి వదిలి, తరవాత మోత తీసెయ్యి. వినపడినంతసేపూ బొత్తం నొక్కి ఉంచుతాను."

శాంసన్ అలాగే చేశాడు. మోత ఆగాక హైమవతి బొత్తం మీద వేలుపెట్టి ఎదురుచూస్తూ కూర్చుంది. అద్దం అవతల శాంసన్ ముఖం చూస్తుంటే పాలిపోతోంది. తలుపు తీసుకుని లోపలికి వచ్చేశాడు.

"మేడమ్, మోగుతూనే ఉందండి" అన్నాడు. "ఇప్పుడు కూడా."

మెహరున్నిసా వెంటనే నమ్మలేదు. పదేళ్ళ కష్టం ఆవిడది. ఆ మధ్యాహ్నమే కెప్టెన్ పట్నాయక్, అనుమతులిచ్చే పెద్దల ఎదుట మౌనితో ఎగిరి చూపించాలి. వాళ్ళు ఒప్పుకుంటే దేశంలోని పైలట్లందరికీ మౌని వెళుతుంది.

"మీ అత్తగారికి అలా జరిగింది, నువ్వు బెదిరిపోయావు హైమా. నాలుగు రోజులు సెలవు తీసుకో. పోయిన వారం కూడా నీ చెవులు పాసయ్యాయి."

"పాసయ్యాయి మేడమ్. మన పరీక్ష తప్పు. మౌని నా నరానికి ఒక విద్య నేర్పింది. హెల్మెట్ తీశాక ఆ విద్య మరిచిపోతుందనుకున్నాం. మరిచిపోలేదు. ఫ్యానూ, వానా, అలారం, ఏది ఒకే తీరుగా వచ్చినా మోయడం మానేసింది."

"అందరికీ అలా అవుతుందని ఏముంది? నువ్వు ఈ గదిలో కూర్చున్నన్ని గంటలు ఇంకెవరు కూర్చున్నారు?"

"కెప్టెన్ గారు నాకంటే ఎక్కువసేపు పెట్టుకున్నారు. ఆయన హెలికాప్టర్లో గేర్‌బాక్స్ వేడెక్కితే వచ్చే హెచ్చరిక ఎలా ఉంటుంది మేడమ్? తెగి తెగి వస్తుందా, ఒకటే కూతా?"

మెహరున్నిసా కుర్చీలోంచి లేచింది. కిటికీలోంచి బయటికి చూసింది. కింద కెప్టెన్ కారు వచ్చి ఆగుతోంది.

పట్నాయక్ పరీక్ష కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "ఇవాళ నా చెవులకి మళ్ళీ పరీక్షేమిటండీ? అవతల పెద్దలొచ్చేస్తారు" అని నవ్వాడు. గది తలుపు తెరిచే ఉంచమంది హైమవతి. శాంసన్ హెలికాప్టర్ మోత వదిలాడు. ఆ మోతలోనే హెచ్చరిక కూత కలిపాడు. తరవాత మోతని మెల్లగా తగ్గించి ఆపేశాడు. కూత మాత్రం ఉంది. మెహరున్నిసా చెవుల మీదికి చేతులు వెళ్ళాయి. నడవాలో ఫైళ్ళు పట్టుకెళుతున్న గుమాస్తా ఉలిక్కిపడి ఆగాడు. శాంసన్ తల పక్కకి తిప్పుకున్నాడు. హైమవతికి ఏమీ వినపడలేదు. వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకుంది.

పట్నాయక్ చేతిగడియారం చూసుకున్నాడు. నింపాదిగా అందరి వంకా చూశాడు.

"మోత ఆపేశారు కదా, పరీక్ష మొదలుపెట్టండి మరి. ఎంతసేపు?"

మెహరున్నిసా తానే వెళ్ళి మీట కట్టేసింది. వచ్చి ఆయన ఎదుట స్టూలు లాక్కుని కూర్చుని, జరిగింది ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది.

"నిన్న నా వెనక తొమ్మిదిమంది ఉన్నారు" అన్నాడు చివరికి. "గాల్లో అది మోగి ఉంటే..."

"మోగలేదు. ఇకమీదట మోగినా వినపడని మనిషి ఎవరూ ఎగరరు" అంది మెహరున్నిసా. లేచి చీర కొంగు భుజం మీద సర్దుకుంది. "హైమా, వచ్చే పెద్దలకి కాఫీలు చెప్పు. ఎగిరి చూపించడం లేదని నేనే చెప్తాను."

చెప్పింది కూడా. వాళ్ళలో కొందరు, ఇంత చిన్న లోపానికి అంత పట్టుదల దేనికన్నారు. అలారాన్ని తెగి తెగి మోగేలా మారిస్తే సరిపోతుంది కదా అన్నారు. "గేర్‌బాక్స్ చెడేముందు దాని పాటే మారుతుంది. ఆ పాటని ఎలా మార్చమంటారు? పైలట్లు సగం మిషన్ని చెవితోనే నడుపుతారు" అంది ఆవిడ. వాళ్ళు వెళ్ళిపోయాక తన గదిలో తలుపు వేసుకుంది. హైమవతి బయట బల్ల మీద కూర్చుని కాచుకుంది. తలుపు తెరుచుకున్నప్పుడు ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా తమ్ముడు ఇంతియాజ్‌కి ఫోన్లో మెసేజ్ పెట్టాను. ఏమని జవాబిచ్చాడో తెలుసా? 'ఆపా, నా చెవులు పోయాయని నాకు తెలుసు. పోయాయని తెలియకపోవడం ఇంకా ఘోరం' అని రాశాడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ముందు నిన్ను బాగుచేయాలి. తరవాతే హెల్మెట్."

ఇంట్లో గణపతి ఆ కబురు విని, తింటున్న కంచం పక్కకి జరిపాడు. "మానేసెయ్. చిన్నపిల్లల చెవులు చూసే క్లినిక్కు పెట్టుకో. నీ చెవులతో చెలగాటమేంటి?" అన్నాడు.

"ఇప్పుడు మానేస్తే ఇది ఇలాగే ఉండిపోతుందండీ. ఎలా పోయిందో తెలిసినవాళ్ళే తిరిగి తేగలరు."

"ఆగరా నువ్వు" అంది అప్పలనర్సమ్మ మంచం మీంచి. "ఏటే, మరి నా గురక కూడా వినపడదేటి?"

"గురక తెగి తెగి వస్తుంది అత్తమ్మా. అది బ్రహ్మాండంగా వినపడుతోంది."

"అయ్యో నా తల్లే" అని ఆవిడ నిజంగానే నొచ్చుకుంది.

బాగుచేసే దారి మెహరున్నిసాకే తట్టింది. వదిలేయమని నేర్పిన మెత్తలతోనే, తిరిగి పట్టుకోమని నేర్పాలి. చురకల వరస తిరగేసింది. ఒకే చప్పుడుని మొదట ముక్కలు ముక్కలుగా వినిపించి, ముక్కల మధ్య ఖాళీలు రోజురోజుకీ తగ్గించుకుంటూ పోవాలి. ల్యాబ్‌లో హైమవతీ పట్నాయకూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని బడిపిల్లల్లా సాధన చేశారు. ఆయన ఎగరడం మానేసి ఆఫీసు పని చూసుకుంటున్నాడు. కానీ ఒక్కరోజూ నాగా పెట్టలేదు, ఒక్కమాటా నిష్ఠూరంగా అనలేదు. ఒకసారి మాత్రం, "మా పాప మాట వినిపించిందీ ఇదే కదండీ. పూర్తిగా తిట్టబుద్ధి కాదు" అన్నాడు.

ఇంట్లో సాధనకి గురువు అత్తగారు. పిండి రుబ్బే గ్రైండరు మంచం పక్కకి చేర్పించుకుని, స్విచ్ మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. హైమవతి గోడవైపు తిరిగి నిలబడాలి.

"ఇప్పుడు?"

"తిరుగుతోంది."

"ఇప్పుడు?"

"తిరుగుతోంది."

"అబద్ధం. ఆపేసి సానాసేపయింది. పాస్ అయిపోదామనే? మళ్ళీ మొదట్నించీ."

ఇడ్లీపిండి అవసరానికి మించి నలిగి, ఆ నెలలో వీధిలో అందరి ఇళ్ళకీ ఇడ్లీపిండి వెళ్ళింది. బంగారమ్మ అయితే గిన్నె పట్టుకుని, "పాఠం అయిందా?" అంటూ వచ్చేసేది. అప్పలనర్సమ్మ ఆ పనిలో పడి, తన ఆయాసం సంగతి మరిచిపోయి, ఉత్సాహంగా కనిపించేది. ఊపిరి కోసం కొట్టుకులాడిన ఆ ఆదివారం గురించి ఆవిడ కోడల్ని ఒక్కమాట అనలేదు. ఒకనాడు హైమవతే ఏడుస్తూ కాళ్ళ దగ్గర కూర్చుంటే, "నీకు వినపడితే రాకుండా ఉంటావేటే? నాకా సంగతి తెలవదా?" అని జుట్టు నిమిరి, మళ్ళీ గ్రైండరు వేసింది.

వర్షాకాలం వెళ్ళి చలికాలం వచ్చేసరికి హైమవతి వినికిడి చాలావరకు తిరిగొచ్చింది. ఎడమచెవిలో ఒక సన్నటి స్థాయి మాత్రం రాలేదు. ఇక రాదేమోనని మెహరున్నిసా అంది. "మిగిలినదంతా వచ్చింది కదా మేడమ్" అంది హైమవతి. పట్నాయక్‌కి పూర్తిగా వచ్చింది. ల్యాబ్ పరీక్షల్లో తెగని చప్పుడు పరీక్ష కొత్తగా చేరింది. అది పాస్ కాకుండా ఇక ఏ హెల్మెట్టూ గడప దాటదు.

మౌని కూడా మారింది. కన్ను రెప్ప వేసినట్టు, అది ఇప్పుడు కొన్ని ఊపిరులకి ఒకసారి మెత్తల్ని ఆపి, లోకంలోని మోతని ఒక్క క్షణం లోపలికి రానిస్తుంది. అలా నరం ఏ చప్పుడునీ పూర్తిగా మరిచిపోదు, చెవికీ దెబ్బ తగలదు. అప్పట్లో ఆవిడ మాట ఒప్పుకోని పెద్దలు అది విని మళ్ళీ వచ్చారు. ఈసారి తొందర పెట్టలేదు. ఏడాది పాటు పెట్టుకుని చూశాకే పంపుదాం అన్నారు. మెహరున్నిసా, రెండేళ్ళు అంది.

మారిన మౌనిని మొదటిసారి గాల్లో పరీక్షించే ఉదయం పట్నాయక్ వాళ్ళిద్దరినీ తనతో రమ్మన్నాడు. ఇన్నేళ్ళుగా హెల్మెట్లు చేసిన మెహరున్నిసా కానీ, వాటిని విన్న హైమవతి కానీ, హెలికాప్టర్ ఎక్కిందే లేదు. ఇద్దరూ వెనక సీట్లలో పట్టీలు బిగించుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. రెక్కలు తిరిగాయి. నేల జారిపోయింది. రామకృష్ణా బీచి, డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్క పోర్టులో క్రేన్లు అగ్గిపుల్లల్లా కనిపించాయి. వాటిలో ఒకదాంట్లో గణపతి ఉన్నాడు. చెయ్యి ఊపినా కనపడదని తెలిసీ హైమవతి చెయ్యి ఊపింది.

మెహరున్నిసా కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఎంత దూరం వచ్చాం?"

"కళ్ళు తెరవండి మేడమ్. చాలా బాగుంది."

మోత కరిగింది. ఆ నిశ్శబ్దంలో ముగ్గురి ఊపిరీ వినిపించింది. ఇంతలో మౌని రెప్ప వేసింది; ఇంజనూ రెక్కలూ గాలీ కలిసి ఒక్క క్షణం భోరుమని లోపలికి వచ్చి, వెళ్ళిపోయాయి. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ భోరు. హైమవతి ప్రతిదాన్నీ పట్టుకుంటూ, ముందుకి వంగి కూర్చుంది.

"ఎలా ఉందండీ హైమవతి గారూ?" పట్నాయక్ గొంతు చెవిలో వినిపించింది.

"గోలగా ఉందండీ" అంది హైమవతి. ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఒకటే గోల!"

మెహరున్నిసా కళ్ళు తెరిచి, ఫక్కున నవ్వింది. హెలికాప్టర్ సముద్రం మీదికి తిరిగింది.